కాలువ కట్ట మీద యెజ్డీ

నాయన నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద ఉద్యోగం. కట్ట మీద మొరం దారిలో పోతూ, ప్రతి తూము దగ్గరా ఆగుతూ, ఎక్కడో గండి పడిందని కబురు వస్తే అర్ధరాత్రయినా చొక్కా తొడుక్కొని బయలుదేరవలసిన కొలువు. సాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరులో. కాలువలకు ఇందిరాగాంధీ నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. నాయన పనిలో చేరేనాటికి మా హాలియా చుట్టుపక్కల పొలాలకు కాలువ నీళ్లు ఇంకా కొత్తగానే ఉండేవి. మొదట ఆయన సైకిలు మీదే తిరిగారు. 1984లో మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు గుమస్తా తన పాత యెజ్డీ మోటారుసైకిలును అమ్ముతున్నాడని తెలిసి, అమ్మ చీటీ ఎత్తిన డబ్బుకు కొంత అప్పు కలిపి దాన్ని కొన్నారు. అప్పుడు నాకు పదేళ్లు.

ఆ బండి ఇప్పుడు నల్లగొండలో మా ఇంట్లో ఉంది. నడుస్తోంది. గట్టి బండి కాబట్టి ఇన్నేళ్లు నడిచిందని చూసినవాళ్లంతా అంటారు. గట్టి బండే, కాదనను. కానీ దానితో పాటు పుట్టిన గట్టి బండ్లు ఎన్నో పాతసామాను దుకాణాల్లో ఎప్పుడో తూకానికి వెళ్లిపోయాయి. మాది మిగిలింది ఇంటిల్లిపాదీ దాని చప్పుడు విన్నాం కాబట్టి, విన్నదాన్ని పట్టించుకున్నాం కాబట్టి. ఈ సంగతి రాయాలని చాలా కాలంగా ఉంది.

యెజ్డీ మైసూరు బండి. ఐడియల్ జావా కంపెనీ 1960ల మొదట్లో చెకొస్లోవేకియా జావాలను అక్కడ తయారు చేయడం మొదలుపెట్టి, 1973 నుంచి యెజ్డీ అన్న పేరు పెట్టింది. 250 సీసీ టూ స్ట్రోక్ ఇంజిను. సిలిండరు ఒకటే, సైలెన్సర్లు మాత్రం రెండు. సిలిండరులోనే పొగ పోవడానికి రెండు దారులు తీసి ఉంటాయి. కొత్తగా చూసిన పిల్లలు రెండు సైలెన్సర్లు చూసి రెండు ఇంజిన్లు అనుకునేవారు. వాళ్లను ఇంకా ఆశ్చర్యపరిచేది కిక్కు. యెజ్డీకి గేరు రాడ్డే కిక్కు రాడ్డు. దాన్ని ఇంజిను వైపు లోపలికి నొక్కి పైకి లేపితే కిక్కు, స్టార్ట్ అయ్యాక మళ్లీ ముందుకు వాలిస్తే గేరు. నాయన బండి స్టార్ట్ చేస్తుంటే వీధిలో పిల్లలు దీని కోసమే వచ్చి నిలబడేవారు.

హాలియాలో అప్పుడు పంక్చరు వేసేవాళ్లు ఉన్నారు, ట్రాక్టర్లు బాగుచేసేవాళ్లు ఉన్నారు. యెజ్డీ లోపలి సంగతి తెలిసినవాళ్లు లేరు. నల్లగొండలో గడియారం సెంటరుకు అవతల ఒక సందులో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయనను అందరూ చాచా అనేవారు, మేమూ అలాగే పిలిచాం. జావాలు వచ్చిన తొలిరోజుల నుంచీ వాటి మీద పనిచేసిన మనిషి. బండి కొన్న కొత్తలో నాయన ప్రతి చిన్న పనికీ ఆయన దగ్గరకు తీసుకువెళ్లారు. కొన్నాళ్లు చూసి ఒకరోజు చాచా అన్నారు: "సారూ, ఇంత దూరం నుంచి ప్లగ్గు తుడిపించుకోవడానికి వస్తున్నారు. ఈ స్టూలు మీద కూర్చోండి, నేను చేస్తుంటే చూడండి. మీ అబ్బాయిని కూడా తీసుకురండి." తన పని పోతుందన్న ఆలోచనే ఆయనకు లేదు. మా ఇంట్లో మరమ్మతు అనేది ఆ స్టూలు మీద మొదలైంది.

చాచా నేర్పిన మొదటి పాఠం పానా పట్టడం కాదు, అడగడం. బండి ఆగిపోయిందని ఎవరైనా వస్తే ఆయన ఇంజిను వైపు చూసేవారే కాదు. "ఏం పాడైందో తర్వాత చూద్దాం. ఎప్పుడు ఆగిందో ముందు చెప్పండి" అనేవారు. నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిందా, దగ్గి దగ్గి ఆగిందా? ఎక్కు ఎక్కుతుండగానా, చదునులోనా? పొద్దున మొదటి కిక్కుకు ఎలా ఉంటుంది, పది కిలోమీటర్లు పోయాక ఎలా ఉంటుంది? ఆగిన చోట ట్యాంకు మూత తీసి చూశారా? ఇవన్నీ అడిగి, జవాబులన్నీ విని, అప్పుడు చేయి కడుక్కొని టీ తాగి, ఆ తర్వాత పానా తీసేవారు.

ఆ అడగడం విలువ మాకు మరుసటి వేసవిలో తెలిసింది. పెద్దవూర వైపు కట్ట మీద నడుస్తున్న బండి మిట్టమధ్యాహ్నం ఆగిపోయింది. నాయన తోసుకుంటూ ఒక వేపచెట్టు కిందికి చేర్చారు. కాసేపాగి కిక్కు కొడితే ఏమీ కానట్టు స్టార్ట్ అయింది. మళ్లీ కొంత దూరం పోయాక ఆగింది. వారమంతా ఇదే వరస. దారిలో ఎదురైన వాళ్లంతా పెట్రోలులో నీళ్లు కలిశాయని, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటరులో చెత్త పడిందని చెప్పారు. కార్బురేటరు విప్పి కడిగాం. పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, జెట్టు, ఊదాం. అదే వరస.

చాచా దగ్గరకు వెళ్తే ఆయన ప్రశ్నలు మొదలుపెట్టారు. దగ్గకుండా టక్కున ఆగుతోందని చెప్పాం. పెట్రోలు అందక ఆగే బండి అలా ఆగదు. ముందు బలం తగ్గుతుంది, ఊగుతుంది, ఒకటి రెండుసార్లు తేరుకుంటుంది, అప్పుడు ఆగుతుంది. ట్యాంకు మూతకు ఉండే గాలి రంధ్రం మూసుకుపోయినా అంతే, కాకపోతే మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పోతుంది, వెంటనే బండి నడుస్తుంది. టక్కున ఆగిందంటే కరెంటు తెగిందన్నమాట. వేడెక్కాకే తెగుతోంది, చల్లారితే అతుక్కుంటోంది. అంటే తప్పు రవ్వకు బలమిచ్చే కాయిలుదైనా, దానికి తోడుండే చిన్న కండెన్సరుదైనా అయి ఉండాలి. "రెండింటిలో చవకైనది ముందు మార్చాలి" అన్నారు చాచా. అయితే మార్చేముందు ఒక పని చేయమన్నారు. ఈసారి ఆగినప్పుడు అక్కడికక్కడే ఇంజినులో రవ్వ పుట్టించే ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, దాన్ని ఇంజినుకు ఆనించి కిక్కు కొట్టి రవ్వ రంగు చూడమన్నారు. నాయన చూశారు. పొద్దున ఇంటి దగ్గర నీలంగా చిటుక్కున పడిన రవ్వ, ఎండలో వేడి ఇంజిను మీద పసుపురంగులో బలహీనంగా పడింది. కుడివైపు మూత విప్పితే కరెంటును కలిపి విడదీసే పాయింట్లు మాడి గుంటలు పడి ఉన్నాయి. కండెన్సరు పోతే పాయింట్ల మధ్యే మంట రేగుతుంది, ప్లగ్గుకు చేరవలసిన బలం అక్కడే ఖర్చయిపోతుంది. కొత్త కండెన్సరు వేసి, పాయింట్లను సన్నని ఎమరీ కాగితంతో సమం చేశాక ఆ జబ్బు మళ్లీ రాలేదు.

ఇప్పటికీ మా ఇంట్లో ఏ యంత్రం ఆగినా మొదటి ప్రశ్న "ఎప్పుడు ఆగింది" అన్నదే. మిక్సీ అయినా, బోరు మోటారు అయినా.

ఆదివారాలు వరండా మొత్తం బండిదే. నాయన దగ్గర పానాల పెట్టె పెద్దదేమీ కాదు. రెండు తలల పానాలు ఒక జత, రింగు పానాలు కొన్ని, ప్లగ్గు పానా, పట్టకారు, పొడుగు స్క్రూడ్రైవరు, గుండు తల సుత్తి, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజి. అంతే. కానీ ఆయన పరిచే పద్ధతి నాకు ఇష్టం. పాత పేపరు పరిచి, విప్పిన ప్రతి భాగాన్నీ విప్పిన వరసలోనే ఎడమ నుంచి కుడికి పెట్టేవారు. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు వస్తే చాలు, ఏదీ మిగలదు, ఏదీ తప్పిపోదు. ఆ పేపరు మీదకు కోళ్లు రాకుండా చూడటం చిన్నప్పుడు చెల్లెలి పని. కడగడానికి కిరసనాయిలు కావాలి. అది రేషను మీద వచ్చేది, స్టవ్వుకూ అదే. అమ్మ ఒక చిన్న గిన్నెడు కొలిచి ఇచ్చేది, అంతకు మించి చుక్క ఇచ్చేది కాదు. నాయన ఆ గిన్నెలోనే ముందు శుభ్రమైన భాగాలు, చివర చైను లాంటి మురికివి కడిగి, అడుగున మడ్డి పేరుకున్నాక పైతేరు వడగట్టి వచ్చేవారానికి దాచేవారు.

అమ్మ బండి ఎప్పుడూ నడపలేదు. కానీ ఇంజిను ప్రాణం ఆమె చేతిలోనే ఉండేదని నేను నమ్ముతాను. టూ స్ట్రోక్ బండికి క్రాంకు గదిలో విడిగా ఆయిలు ఉండదు. పిస్టనుకూ, క్రాంకు బేరింగులకూ జిడ్డు అందేది పెట్రోలులో కలిపిన ఆయిలుతోనే. లీటరుకు 40 మిల్లీలీటర్లు, అంటే 25 పాళ్లకు ఒక పాలు. తగ్గితే పిస్టను పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ, మసి. బంకులో తొందరలో పోసే కొలత నాయనకు నచ్చేది కాదు. అమ్మ ఒక ఖాళీ టానిక్కు సీసాకు కాగితం పట్టీ అంటించి, మందు కొలిచే మూతతో కొలుస్తూ ఒక లీటరుకు ఒక గీత, రెండు లీటర్లకు ఒక గీత, ఐదు లీటర్లకు ఒక గీత పెట్టింది. పెట్రోలు క్యానులో తెచ్చి, అందులో ఆయిలు పోసి, మూత బిగించి బాగా ఊపాకే ట్యాంకులో పోయాలి. ఆయిలు నేరుగా ట్యాంకులో పోస్తే అడుక్కు దిగి, మొదట ఆయిలే కార్బురేటరుకు పోతుంది. "ఊపావా?" అని వంటింట్లోంచి అడిగేది. ఊపిన చప్పుడు వినపడకపోతే బయటికి వచ్చి చూసేది.

చెరువుగట్టు జాతరకు వెళ్లినప్పుడు ఇదే సంగతి మరోలా తెలిసింది. జడల రామలింగేశ్వరస్వామి గుట్ట ఎక్కేటప్పుడు యెజ్డీకి ఏ ఇబ్బందీ లేదు, మొదటి గేరులో గుడగుడమంటూ ఎక్కింది. దిగేటప్పుడు నాయన ఉండుండి క్లచ్చు పట్టి కొద్దిగా రేజు చేస్తున్నారు. వాలులో బండి దానంతటదే దిగుతుంటే రేజు ఎందుకని అడిగాను. ఆక్సిలరేటరు మూసి గుట్ట దిగితే ఇంజిను వేగంగా తిరుగుతుంది, కానీ పెట్రోలు పోదు, పెట్రోలుతో పోవలసిన ఆయిలూ పోదు. ఎండిన పిస్టను తిరుగుతుంది. అందుకని మధ్యమధ్య ఒక గుక్క ఇవ్వాలి. ఫోర్ స్ట్రోకు బండ్లకు అలవాటుపడినవాళ్లకు ఇది చెప్పినా నమ్మరు.

కాలువ కట్ట మీద బండి ఎప్పుడూ నెమ్మదిగానే నడిచేది. నెమ్మదిగా నడిచే టూ స్ట్రోకుకు ప్లగ్గు నల్లబడుతుంది. ఒక్కోసారి రెండు మొనల మధ్య వెంట్రుక మందాన మసి వంతెన కట్టి రవ్వ అసలే పడదు. నాయన చొక్కా జేబులో పెన్నుతో పాటు గుడ్డముక్కలో చుట్టిన ఒక మైకో ప్లగ్గు ఉండేది. విప్పిన ప్లగ్గు రంగు చూడటం నాకు చాలా ఇష్టమైన పని. కాఫీ రంగు ఉంటే అంతా బాగున్నట్టు. తడిగా నల్లగా ఉంటే ఆయిలు ఎక్కువైనట్టో, బండి మరీ మెల్లగా నడిచినట్టో. తెల్లగా పాలిపోయి ఉంటే మాత్రం నాయన ముఖం మారేది. గాలి ఎక్కడో ఎక్కువ పోతోంది, పెట్రోలు చాలడం లేదు, అలాగే తోలితే పిస్టనుకు ముప్పు. అప్పుడు కార్బురేటరు మెడ దగ్గర గాలి చొరబడకుండా ఉండే గాస్కెట్టు చూడాలి.

గాస్కెట్లు ఇంట్లోనే కోసేవాళ్లం. మందపాటి గాస్కెట్టు కాగితం షీటు నల్లగొండలో దొరికేది. దాన్ని మూత అంచు మీద పరిచి, గుండు సుత్తితో అంచు వెంట చిన్నగా తడుతూ పోతే ఆ లోహం అంచే కత్తెరలా పనిచేసి కాగితాన్ని కోసేస్తుంది. బోల్టు రంధ్రాలు కూడా అలాగే, సుత్తి గుండుతో ఒక్కో దెబ్బ. గీత గీయనవసరం లేదు, కొలవనవసరం లేదు. వేసవి సెలవుల్లో నేను ఆ పని గంటలు గంటలు చేశాను, అవసరమైన వాటికంటే ఎక్కువ కోసి పుస్తకాల్లో దాచాను.

పాయింట్ల గ్యాపు 0.4 మిల్లీమీటర్లు, ఫీలర్ గేజి పట్టీతో చూసుకోవచ్చు. కష్టమైనది టైమింగు, అంటే పిస్టను ఎక్కడున్నప్పుడు రవ్వ పడాలో సరిచూడటం. చాచా దగ్గర పెద్ద పరికరాలు ఉండేవి కావు. సిగరెట్టు పెట్టెలో వెండి రేకుకు అతుక్కొని ఉండే పలుచని కాగితాన్ని వేరు చేసి, పాయింట్ల మధ్య పెట్టి, రెండు వేళ్లతో మెల్లగా లాగుతూ మరో చేత్తో ఇంజినును తిప్పేవారు. కాగితం ఏ క్షణంలో జారితే ఆ క్షణంలో పాయింట్లు విడినట్టు. అదే సమయానికి ప్లగ్గు రంధ్రంలోంచి దింపిన సన్నని స్కేలు పిస్టను ఎక్కడ ఉందో చెబుతుంది. నాయన ఇంజిను తిప్పితే నేను కాగితం పట్టేవాణ్ణి. "జారింది" అనగానే ఆయన చేయి ఆగేది. కొంతకాలానికి కాగితం జారబోయే ముందే వేళ్లకు తెలియడం మొదలైంది.

మసి తీసే పని ఏడాదికి ఒకసారి, కాలువకు నీళ్లు ఆపేసే వేసవిలో. నీళ్లు లేవంటే గండి కబుర్లు ఉండవు, రాత్రిళ్లు బండి అవసరం రాదు, రెండు రోజులు విప్పి ఉంచినా పరవాలేదు. హెడ్డు, సిలిండరు పైకి తీసిన వెంటనే చేయవలసిన పని ఒకటుంది. క్రాంకు గది నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. పిస్టను పిన్నును పట్టి ఉంచే చిన్న సర్‌క్లిప్పు చేతిలోంచి జారి లోపల పడిందంటే ఇంజిను మొత్తం రెండుగా విప్పితే తప్ప బయటికి రాదు. ఆ గుడ్డ కోసం అమ్మ ప్రతి ఏడూ నాయన పాత ధోవతి ఒకటి చించి ఇచ్చేది. పిస్టను తల మీద, పొగదారుల్లో పేరుకున్న మసిని ఇనుముతో గీకకూడదు, గీత పడితే మసి అక్కడే మళ్లీ పడుతుంది. వెదురు బద్దను చెక్కి దానితో గీకేవాళ్లం. టూ స్ట్రోకు పిస్టను రింగులకు మరొక సంగతి ఉంది. రింగు గాడిలో చిన్న మేకు ఉంటుంది, రింగు రెండు కొసలూ ఆ మేకు దగ్గరే కలవాలి. లేకపోతే రింగు తిరిగి, దాని కొస సిలిండరు గోడకు పొగ పోవడానికున్న కిటికీలో తట్టుకొని విరుగుతుంది.

సర్‌క్లిప్పు వేయడం చెల్లెలి పని అయింది. పిస్టను పిన్నుకు రెండు వైపులా ఉండే ఆ తీగముక్కను గాడిలో కూర్చోబెట్టాలంటే సన్నని వేళ్లు కావాలి, ఓపిక కావాలి. నాయన చేతికి, నా చేతికి అది లొంగేది కాదు. ఎనిమిదేళ్లప్పుడు తను ఒకసారి అడిగి తీసుకుంది, టిక్కుమని కూర్చోబెట్టింది. ఆ తర్వాత నాయన ఆ పని మరెవరికీ ఇవ్వలేదు. చెల్లెలు బడి నుంచి వచ్చేదాకా పిస్టను అలాగే గుడ్డ మీద ఎదురుచూసేది.

సైలెన్సర్లది మరో పద్ధతి. లోపలి గొట్టాలు బయటికి లాగి, పెరట్లో పిడకల నిప్పులో పెట్టేవాళ్లం. ఆయిలు మసి అంతా మండి పొడిగా రాలిపోయేది. ఆ రోజు వాడకట్టంతా పొగ వాసన. కొందరు కాస్టిక్ సోడా నీళ్లలో నానబెడతారు, అదీ పనిచేస్తుంది. కానీ ఆ నీళ్లలో అల్యూమినియం వస్తువేదీ పడకూడదు. ఇనుము మీద మసిని తినే సోడా, అల్యూమినియాన్ని లోహంతో సహా తినేస్తుంది. చేతులకూ కళ్లకూ ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. పిల్లలున్న ఇల్లని నాయన సోడా జోలికి పోలేదు.

క్లచ్చు, బ్రేకు వైర్లకు నూనె ఎక్కించే తీరు కూడా రాయాలి. వైరు పై కొసకు కాగితంతో చిన్న గరాటు చుట్టి, దారంతో కట్టి, అందులో ఆయిలు పోసి రాత్రంతా వదిలేస్తే పొద్దునకు కింది కొస నుంచి నల్లని చుక్కలు రాలుతుంటాయి. అంతకు మించిన ఉపాయం నేను ఇప్పటికీ చూడలేదు. అలా చేసిన వైరు ఏళ్ల తరబడి తెగదు.

పంక్చర్లు మాత్రం ఎంత జాగ్రత్తపడినా తప్పేవి కావు. కాలువ గట్ల మీద సర్కారు తుమ్మ విపరీతంగా పెరిగింది. దాని ముల్లు టైరును కొత్తదా పాతదా అని చూడదు. యెజ్డీలో నాకు నచ్చిన గొప్పతనం ఇక్కడే ఉంది. చైను మొత్తం మూసిన పెట్టెలో ఉంటుంది, దుమ్ము తగలదు. వెనక చక్రం తీసేటప్పుడు చైనునూ, పళ్ల చక్రాన్నీ కదిలించనవసరం లేదు, అవి బండికే ఉండిపోతాయి, చక్రం ఒక్కటే బయటికి వస్తుంది. చీకట్లో కట్ట మీద పంక్చరు వేసుకోవలసిన మనిషికి అది ఎంత మేలో అనుభవించినవాళ్లకే తెలుసు.

బ్యాటరీకి నీళ్లు పోయడంలోనూ మా జిల్లాకు తగిన జాగ్రత్త ఉండేది. మా బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లగా పొర కట్టేవి. ఫ్లోరైడు ఎముకలనే వంచిన జిల్లా మాది. లవణాలున్న నీళ్లు బ్యాటరీ పలకలను పాడుచేస్తాయి. డిస్టిల్డ్ వాటరు సీసా లేకపోతే మట్టం తగ్గినా సరే ఆగేవాళ్లం, కుళాయి నీళ్లు పోసేవాళ్లం కాదు.

పక్కింటి హెడ్మాస్టరు గారికి బుల్లెట్ ఉండేది. దాని పద్ధతే వేరు. తాళం తిప్పి, కిక్కును మెల్లగా తొక్కుతూ అమ్మీటరు ముల్లు చూసేవారు. ముల్లు మధ్యకు వచ్చిందంటే పాయింట్లు విడ్డాయి, పిస్టను పైకొసకు దగ్గరగా ఉంది. అప్పుడు సిలిండరులో ఒత్తిడి వదిలే డీకంప్రెషను మీట పట్టి కిక్కును ఇంకాస్త దించి, మీట వదిలి, కిక్కు పైకి రానిచ్చి, ఒక్క నిండు తొక్కు. ఈ వరస తప్పితే కిక్కు ఎదురుతన్ని మడమ వాచిపోతుంది. వాల్వులను తెరిచే టాపెట్లు సరిచేయడానికి ఆయన మమ్మల్ని పిలిచేవారు. చల్లని ఇంజినులో పుష్‌రాడ్డు రెండు వేళ్లతో తేలికగా తిరగాలి, కానీ పైకీ కిందికీ కదలకూడదు. టూ స్ట్రోకులో టాపెట్లే ఉండవు కాబట్టి మాకు అది పండగలా ఉండేది. పాలు పోసే ఆయనది రాజ్‌దూత్. ఎస్కార్ట్స్ వాళ్లు పోలండు నమూనా మీద తయారు చేసిన 175 సీసీ బండి. రెండు వైపులా పాల క్యాన్లతో ఆ మట్టి దారుల్లో అది మోసిన బరువు చూస్తే ఇప్పటికీ గౌరవం కలుగుతుంది.

1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చాయి. ఆర్‌ఎక్స్‌లో పాయింట్లు లేవు, ఆయిలుకు వేరే ట్యాంకు, కలిపే పని లేదు. సీడీ 100 ఫోర్ స్ట్రోకు, మా బండి తాగే పెట్రోలులో సగం కూడా తాగేది కాదు. నాయన తోటి ఉద్యోగులు ఒక్కొక్కరే మారారు. ఆయన మారలేదు. కొత్త బండ్లను ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడలేదు కూడా. ఆర్‌ఎక్స్ చప్పుడును నిలబడి వినేవారు. "దీన్ని నేను వినగలను, అదంటే నాకు అర్థం కావడానికి ఇంకో పదేళ్లు పడుతుంది" అన్నారు ఒకసారి, యెజ్డీ మీద చేయి వేసి.

1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. సామాను కోసం హైదరాబాద్ ప్రయాణాలు పెరిగాయి. అంతకుముందు నల్లగొండ బస్సు గౌలిగూడ బస్టాండులో దింపేది, అక్కడి నుంచి పుత్లీబౌలి దుకాణాలు నడక దూరం. తర్వాత ఇమ్లీబన్‌లో దిగి నడిచేవాళ్లం. నాయన పాత భాగం చేతిలో లేకుండా కొత్తది కొనేవారు కాదు. రెండూ పక్కపక్కన పెట్టి, అంచులు తడిమి, పళ్లు పళ్లలో పెట్టి చూసేవారు. రింగులు తెచ్చాక ఒక్కోదాన్ని సిలిండరులో దింపి, కొసల మధ్య సందును ఫీలర్ గేజితో చూసి గానీ పిస్టనుకు ఎక్కించేవారు కాదు. కార్కు క్లచ్చు ప్లేట్లు, డైనమో కార్బన్లు, రబ్బరు బుష్షులు కనిపిస్తే అవసరం లేకపోయినా ఒక జత కొనేవారు. ఆయన దాచిన ప్లేట్లు నేను ఇంకా వాడుతున్నాను.

నాయన 2011లో పోయారు. చాచా అంతకు ముందే. ఆ సందులో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. జావా పేరు 2018లో, యెజ్డీ పేరు 2022లో కొత్త బండ్ల మీద మళ్లీ వచ్చాయి. చూడముచ్చటగా ఉన్నాయి, వాటి ఇంజిన్లు వేరే లోకానివి. మా పాత బండికి ఇప్పుడు కొత్త చిక్కు పెట్రోలు. 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు గాలిలో తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. అందుకని పైపులు, కార్బురేటరు వాషర్లు దానికి తట్టుకునే రకానివి మార్చాను. వారానికి మించి బండి తీయనని తెలిస్తే పెట్రోలు కుళాయి కట్టేసి, కార్బురేటరులో ఉన్న పెట్రోలు అయిపోయేదాకా ఇంజినును నడిపి ఆపుతాను. ఆయిలు కొలత మాత్రం అమ్మదే. కాగితం పట్టీ ఎన్నోసార్లు మారింది, సీసా అదే.

పోయిన నెల నుంచి పిస్టను చప్పుడు మొదలైంది. చల్లని ఇంజినులో కటకటమని, వేడెక్కాక తగ్గుతుంది. పిస్టనుకూ గోడకూ మధ్య సందు పెరిగిందన్నమాట. సిలిండరు విప్పి కొలిపించాను. ఇన్నేళ్లలో అరిగిన గోడను తొలిపించి పెద్ద పిస్టను వేసే రీబోరు చేయిస్తూ చేయిస్తూ చివరి ఓవర్‌సైజుకు వచ్చేశాం, ఇక గోడ పలుచన. వేరే సిలిండరు వెతకమని కొందరు, బండిని షోకేసులో పెట్టమని కొందరు సలహా ఇచ్చారు. నేను స్లీవు వేయించాలని నిర్ణయించాను. పాత గోడను పెద్దగా తొలిపించి, లోపల కొత్త ఇనుప గొట్టం బిగించి, దాన్ని మళ్లీ మొదటి సైజుకు బోరు చేయించాలి. టూ స్ట్రోకులో కష్టమంతా కిటికీల దగ్గరే. స్లీవులో కోసే దారులు సిలిండరు దారులతో అంచుకు అంచు కలవాలి, అంచులను కొద్దిగా గుండ్రంగా రాయాలి, లేకపోతే రింగులు తట్టుకుంటాయి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల సామాను చేసే లేతు పనివాడు ఒకాయన ఒప్పుకున్నారు. మంచి పనిమంతుడు. పాత సిలిండరు కిటికీల అచ్చును కాగితం మీద సుత్తితో తట్టి తీసుకువెళ్తే, ముందు ఆ కాగితాన్నే చాలాసేపు చూశారు.

మొదటి సైజు పిస్టను నాయన పెట్టెలో ఉంది, ఆయిలు కాగితంలో చుట్టి, రింగులతో సహా. జడ్చర్లలో ఉన్న చెల్లెలికి ఫోను చేశాను. సంక్రాంతికి వస్తానంది. సర్‌క్లిప్పులు మాత్రం కొత్తవి కొని ఉంచమంది, పాతవి రెండోసారి వేయకూడదని నాకే గుర్తు చేసింది.